పరాయివాడి ఎదుట చదవాల్సిన పుటలు

(దోహాలో తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం)

ఈ స్మారకోపన్యాసానికి నేను ఎంచుకున్న విషయం కొందరికి వింతగా తోచవచ్చు. యూదుల మతగ్రంథాల్లో యూదులు కానివారి గురించి ఉన్న కఠినమైన భాగాలతో ఆ మతస్థులే ఎలా పెనుగులాడారు, ఎక్కడ ఓడిపోయారు అన్నది నా ప్రశ్న. యూదు సమాజమంటూ స్థిరపడని ఖతార్‌లో, అదీ తెలుగువాళ్ల ముందు, ఈ ప్రస్తావన ఎందుకని అడగవచ్చు. ఈ ఊళ్లో 2003 నుంచి మతాల మధ్య సంవాద సదస్సులు జరుగుతున్నాయి. మొదట ముస్లిములూ క్రైస్తవులూ కూర్చున్నారు. 2005లో యూదు మతాచార్యులైన రబ్బీలనూ పిలిచారు. దోహా అంతర్జాతీయ మతసంవాద కేంద్రం ఆ సదస్సుల నుంచి పుట్టిందే. ఆ మాటామంతీ గౌరవంగా సాగింది కానీ, ఎవరి గ్రంథంలోని ముళ్లు వాళ్లు బయటపెట్టుకోవడం అలాంటి వేదికల మీద అరుదు. పైగా ఈ విషయం మనకు దూరమైనదేమీ కాదు. ఈ దేశంలో పదిమందిలో తొమ్మిదిమందికి దగ్గరగా బయటి నుంచి వచ్చినవాళ్లే. జగిత్యాల నుంచో కడప నుంచో వచ్చి వీసా పూచీదారైన కఫీల్ పేరుతో బతికినవాడికి, కఫీల్ చేతిలోంచి బయటపడి పత్రాలు లేని ఖల్లివెల్లి అయినవాడికి, పరాయివాడి గురించి చట్టం ఏమంటుందో పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేదు. ప్రతి ధర్మగ్రంథంలోనూ పరదేశి గురించి ఒక అధ్యాయం ఉంటుంది. మనం ఆ అధ్యాయంలోని మనుషులం.

ముందుగా ఆ భాగాలేమిటో మెత్తబరచకుండా చెప్పుకోవాలి. ద్వితీయోపదేశకాండం ఏడో అధ్యాయం కనాను దేశంలోని ఏడు జాతులను నిర్మూలించమంటుంది. వారితో సంధి వద్దు, వియ్యం వద్దు, దయ చూపవద్దు. ఇరవయ్యో అధ్యాయం ఆ పట్టణాల్లో ఊపిరి ఉన్న దేన్నీ మిగల్చవద్దంటుంది. ఇరవై అయిదో అధ్యాయం అమాలేకీయుల పేరే ఆకాశం కింద లేకుండా చేయమంటుంది. సమూయేలు మొదటి గ్రంథంలో సౌలు రాజు పదవి పోగొట్టుకున్నది ఆ ఆజ్ఞను పూర్తిగా పాటించనందుకే. మోషే ధర్మశాస్త్రమైన తోరా తర్వాత వచ్చిన రబ్బీల సంకలనాలు మిష్నా, తాల్ముద్‌లలో యుద్ధం కంటే రోజువారీ జీవితం ఎక్కువ, అక్కడి వివక్ష మరింత సూక్ష్మమైనది. యూదుడి ఎద్దు అన్యుడి ఎద్దును పొడిస్తే నష్టపరిహారం లేదు. అన్యుడి ఎద్దు యూదుడి ఎద్దును పొడిస్తే మొత్తం కట్టాలి. అన్యుల స్త్రీకి యూదు స్త్రీ పురుడు పోయకూడదు. విశ్రాంతిదినాన ప్రాణం కాపాడటానికి నియమం తప్పవచ్చన్న గొప్ప సూత్రం, మొదటి రూపంలో, యూదుల ప్రాణాలకే వర్తించింది. వీటి పక్కనే వేరే గొంతూ ఉంది. పరదేశిని నీలాగే ప్రేమించు, నువ్వూ ఐగుప్తులో పరదేశివే అని తోరా చెబుతుంది. ఆ హెచ్చరిక ముప్పై ఆరు చోట్ల ఉందని తాల్ముద్ లెక్కగట్టింది, నలభై ఆరు అన్నవాళ్లూ ఉన్నారు. కూలివాడు స్వజనుడైనా పరదేశి అయినా పొద్దుగూకకముందే కూలి చేతిలో పెట్టాలన్నది కూడా అదే ద్వితీయోపదేశకాండం. ఖతార్‌లో 2015లో జీతాలు బ్యాంకు ద్వారానే వేయాలన్న ఏర్పాటు, 2021లో వెయ్యి రియాళ్ల కనీస వేతనం రావడానికి వెనక ఎంత గోల జరిగిందో తెలిసినవాళ్లకు ఆ వాక్యం బరువు వేరే చెప్పనక్కర్లేదు. అయితే మంచి వాక్యం చూపించి చెడ్డ వాక్యానికి చెల్లు వేయడం నాకు సమ్మతం కాదు. రెండూ ఒకే పుస్తకంలో, ఒకే అధికారంతో ఉన్నాయి. ఒకటి రెండోదాన్ని తనంతట తాను రద్దు చేయదు; ఎవరో ఒకరు కూర్చుని తీర్పు చెప్పాలి.

ఆ తీర్పు ఎలా పుడుతుందో చూపే ఘట్టం తాల్ముద్‌లోనే ఉంది. రోమా ప్రభుత్వం ఇద్దరు అధికారులను యూదు పండితుల దగ్గరికి వారి ధర్మశాస్త్రం నేర్చుకురమ్మని పంపింది. వాళ్లు శ్రద్ధగా చదివారు. వెళ్లేటప్పుడు, మీ శాస్త్రమంతా బాగుంది, ఈ ఎద్దుల సంగతి తప్ప, అన్నారు. బాబిలోనియా తాల్ముద్ కథనం ప్రకారం, ఈ మాట మా ప్రభుత్వానికి చెప్పములే అని భరోసా ఇచ్చి వెళ్లిపోయారు. పాలస్తీనాలో కూర్చిన యెరూషలేము తాల్ముద్‌లో ఇదే కథకు మరో ముగింపు ఉంది: అన్యుడి సొమ్ము దొంగిలించడం దేవుని నామానికి అపకీర్తి కనుక నిషిద్ధమని ఆ పండితుల పెద్ద రబ్బాన్ గమలీయేలు అప్పటికప్పుడు శాసించాడు. రెండు ముగింపులనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానిలో రహస్యం భద్రంగా ఉంది. మరొకదానిలో పరాయివాడు గదిలో ఉన్నందువల్ల చట్టం కదిలింది. సగమే కదిలిందనుకోండి, గమలీయేలు దొంగతనం మాట తేల్చాడు కానీ ఎద్దును అలాగే వదిలేశాడు. అయినా ఒక సమాజం తన గ్రంథం మీద పరాయివాడు వేసిన ఆక్షేపణను కొట్టేయకుండా, జవాబు దొరక్కపోయినా, పదిహేను వందల ఏళ్లు విద్యార్థుల చేత వల్లె వేయించడం చిన్న విషయం కాదు. నా వాదమంతా ఈ రెండు ముగింపుల మధ్య తేడా గురించే.

భయం వల్ల మారిన చట్టం వేరు, న్యాయమని తోచి మారిన చట్టం వేరు. యూదు ధర్మశాస్త్రంలో అన్యుల పట్ల సడలింపులు చాలామటుకు రెండు ఆధారాల మీద నిలబడ్డాయి. ఒకటి శాంతి కోసం: అన్యుల పేదలకూ మన పేదలతోపాటు అన్నం పెట్టాలి, వారి రోగులను చూడబోవాలి, వారి శవాలను పూడ్చాలి. రెండోది వైరం రాకుండా: పురుడు పోయకపోతే శత్రుత్వం పెరుగుతుంది కనుక పోయవచ్చు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో న్యూయార్క్‌లో ఉన్న రబ్బీ మోషే ఫైన్‌స్టీన్, విశ్రాంతిదినాన యూదు వైద్యుడు అన్యులకు చికిత్స చేసి తీరాలని తీర్పు చెప్పాడు. ఆయన చెప్పిన కారణం కూడా ఇదే: ఈ కాలంలో చేయకపోతే వచ్చే వైరం యూదుల ప్రాణాల మీదికే తెస్తుంది. ఫలితం మంచిది, రోగి బతికాడు. కానీ కారణాన్ని పట్టి చూస్తే ఆ చికిత్స రోగి కోసం జరగలేదు. పొరుగువాడికి భయపడి ఇచ్చిన హక్కు, భయం తీరిన రోజున ఎక్కడ నిలబడుతుంది? అల్పసంఖ్యాకులుగా రెండు వేల ఏళ్లు బతికిన జనానికి ఈ ప్రశ్న ఊహాజనితం. ఇజ్రాయెల్ ఏర్పడిన 1948 తర్వాత, సైన్యమూ కోర్టులూ తమవైన తర్వాత, అది నిజమైన ప్రశ్న. ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ఇస్సెర్ యెహూదా ఉంటెర్మాన్ 1960ల్లో ఈ చిక్కును గుర్తించి, శాంతి కోసమన్నది తాత్కాలిక ఎత్తుగడ కాదని, అది తోరా నీతికి మూలమని రాశాడు. ఆ మాట అప్పుడు చెప్పాల్సి రావడమే పాత ఆధారం ఎంత పలచనైందో చెబుతుంది.

న్యాయం మీద కట్టిన ఆధారం లేకపోలేదు, చాలా పాతదే ఉంది. మెనాకెం మెయీరి 1249లో పుట్టి పెర్పిన్యాన్‌లో జీవించిన పండితుడు. తాల్ముద్‌లోని ఈ కఠిన నియమాలన్నీ ఏ ధర్మానికీ ఏ నీతికీ కట్టుబడని పురాతన జాతుల గురించినవే అన్నాడు. ధర్మబద్ధంగా నడుచుకునే జాతులు ఎద్దు విషయంలోనైనా, పోగొట్టుకున్న వస్తువు తిరిగివ్వడంలోనైనా, యూదులతో పూర్తిగా సమానులన్నాడు. అంతకు శతాబ్దం ముందే కైరోలో యూదు పండితుడు మైమోనిడీస్, ముస్లిములు విగ్రహారాధకులు కారని, వారి ఏకేశ్వరారాధనలో లోపం లేదని ఒబద్యా అనే మతాంతరితుడికి జాబు రాశాడు. దోహాలో ఈ మాట చెప్పుకోదగ్గదే. క్రైస్తవుల విషయంలో మాత్రం ఆయన అంత ఉదారంగా లేడన్నదీ చెప్పాలి. మెయీరి మీద ఒక సందేహం ఉంది. చర్చికి భయపడి పైకి అలా రాశాడేమోనని. నాకు ఆ సందేహం నిలవదనిపిస్తుంది. భయపడి రాసేవాడు ఒకచోట రక్షణ వాక్యం చేర్చి ఊరుకుంటాడు. మెయీరి గ్రంథం నిండా, నియమం తర్వాత నియమానికి, ఆ ఒక్క సూత్రాన్నే పట్టుకుని నడిచాడు. విచారమేమిటంటే ఆయన గ్రంథంలో అధిక భాగం శతాబ్దాల తరబడి రాతప్రతిగానే పడి ఉండి, చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో అచ్చయింది. అప్పటికి ధర్మశాస్త్రం మరో దారిలో గట్టిపడింది. ఆలస్యంగా దొరికిన గ్రంథానికి తీర్పుల్లో ఎంత బరువివ్వాలన్నది రబ్బీల మధ్య ఇప్పటికీ తేలని తగాదా.

ఇక్కడ పెద్ద ఆక్షేపణ వస్తుంది. ఇవన్నీ బహిరంగంగా మాట్లాడితే యూదు ద్వేషులకు ఆయుధం అందించినట్టు కాదా? చరిత్ర తెలిసినవాళ్లు ఈ మాటను తేలిగ్గా తీసుకోరు. 1240లో పారిస్‌లో నికోలస్ డోనిన్ అనే మతం మారిన యూదుడు తాల్ముద్ మీద నేరారోపణ చేశాడు. తాల్ముద్ పక్షాన రబ్బీ యెహీయేల్, ఆ భాగాలు పూర్వపు విగ్రహారాధకుల గురించినవే కానీ క్రైస్తవుల గురించి కావని వాదించాడు. వాదం ఎవరూ వినలేదు, 1242లో ఇరవై నాలుగు బండ్ల పుస్తకాలు తగలబెట్టారు. 1578లో మొదలైన బాసెల్ ముద్రణలో చర్చి పరీక్షకులు చాలా భాగాలు కొట్టేయించారు. కొట్టేసినవి పోలేదు. తర్వాతి కాలంలో వాటిని విడిగా ఏరి, తాల్ముద్‌లో లోపించినవంటూ చిన్న పుస్తకాలుగా వేసుకుని చదువుకున్నారు. 1871లో ఆగస్ట్ రోలింగ్ అనే క్యాథలిక్ ఆచార్యుడు సందర్భం తీసేసి, కొన్ని కల్పించి, తాల్ముద్ యూదుడు అనే పుస్తకం రాశాడు. వియన్నా రబ్బీ యోసెఫ్ బ్లోక్ ఆయన అజ్ఞానాన్ని పత్రికల్లో ఎండగడితే, రోలింగ్ పరువునష్టం దావా వేసి, 1885లో విచారణకు ముందే వెనక్కి తీసుకున్నాడు. అయినా ఆ పుస్తకం చావలేదు. 1899లో కైరోలో అరబిక్‌లో వచ్చింది, అరబ్బు దేశాల్లో ఈనాటికీ దాని ముక్కలు చెలామణిలో ఉన్నాయి. ఇదంతా నాకు చెప్పేది ఒకటే. దాచిన పుట ద్వేషికే ఉపయోగపడింది. రోలింగ్ చేతికి ఆయుధం ఇచ్చింది మెయీరిలాంటివాళ్ల బహిరంగ చర్చ కాదు. ఆ చర్చ లేకపోవడం, ఉన్నదేమిటో సామాన్య యూదుడికీ పొరుగువాడికీ తెలియకపోవడం. డోనిన్‌కు గానీ రోలింగ్‌కు గానీ ఎద్దు మీద శ్రద్ధ లేదు. ఎదుటివాడి గ్రంథంలో తప్పులు ఏరేవాడు తన గ్రంథం ముందుపెట్టి అదే పని చేయకపోతే, అతను చదవడం లేదు, వెతుకుతున్నాడు.

ఇవన్నీ చచ్చిన అక్షరాలు కదా అన్నది రెండో ఆక్షేపణ. ఏడు జాతులెక్కడ, అమాలేకీయులెక్కడ? నిజమే, ఈ జవాబు యూదు సంప్రదాయంలోనే పుట్టింది, అందంగానూ ఉంది. మిష్నాలో యూదా అనే అమ్మోనీయుడు విద్యాలయానికి వచ్చి, నేను మీలో చేరవచ్చా అని అడుగుతాడు. అమ్మోనీయులు సభలో చేరరాదని తోరా స్పష్టంగా నిషేధించిందన్నాడు రబ్బాన్ గమలీయేలు. రబ్బీ యెహోషువ ఒప్పుకోలేదు: అష్షూరు రాజు సన్హెరీబు వచ్చి జాతులన్నిటినీ కలగాపులగం చేశాడు, ఇప్పుడు అమ్మోనీయుడెవరో ఎవరికి తెలుసు? చేర్చుకున్నారు. మళ్లీ గమనించండి, అడిగేవాడు గదిలో నిలబడి ఉన్నాడు. ఏడు జాతుల జ్ఞాపకమే నశించిందని మైమోనిడీస్ రాశాడు. ఇలా తలుపు మూసినట్టే అనిపిస్తుంది. కానీ 1956లో రబ్బీ యోసెఫ్ సొలొవేచిక్, తన తండ్రి మాటగా, ఇశ్రాయేలీయులను నాశనం చేయబూనిన ఏ జనమైనా అమాలేకు వంటిదే అన్నాడు. ఆయన కళ్ల ముందున్నది హిట్లర్, ఆ తర్వాత ఈజిప్టు నేత నాసర్, యెరూషలేము ముఫ్తీ. అరవై లక్షల మందిని పోగొట్టుకున్న జాతి నోట ఆ మాట విన్నవాళ్లకు దాని వేదన అర్థమవుతుంది. కానీ రక్తసంబంధం నుంచి విడిపడ్డ అమాలేకు ఎవరికైనా తగిలించగల పేరయింది. 1994 ఫిబ్రవరి 25, పూరీము పండుగ రోజు. అమాలేకు వంశీకుడు హామాను కథ చదివే రోజు అది. హెబ్రోనులోని ఇబ్రాహీమీ మసీదులో రంజాన్ నమాజు చేస్తున్న 29 మందిని బారూక్ గోల్డ్‌స్టీన్ కాల్చి చంపాడు. 2009లో వెస్ట్ బ్యాంక్‌లోని యిత్సహార్ నుంచి ఇద్దరు రబ్బీలు, అన్యులను ఎప్పుడెప్పుడు చంపవచ్చో చర్చిస్తూ ఒక పుస్తకం వేశారు. అనేకమంది రబ్బీలు ఖండించారు. ప్రభుత్వం విచారించి 2012లో కేసు పెట్టకుండా వదిలేసింది. 2023 అక్టోబరు 28న ప్రధాని నెతన్యాహు గాజా యుద్ధం గురించి చెబుతూ అమాలేకును తలచుకున్నాడు. రెండు నెలలకు దక్షిణాఫ్రికా ఆ మాటను హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో సాక్ష్యంగా పెట్టింది. అది జాతిహననానికి పిలుపు కాదని, నాజీ మారణకాండ మృతుల స్మారకమైన యాద్ వషేమ్‌లోనూ అదే వాక్యం ఉందని ఆయన కార్యాలయం జవాబిచ్చింది. ఆ జవాబు నిజాయితీ అయినదే అనుకుందాం. మృతుల స్మారకం మీద ఉన్న వాక్యమూ, టాంకులు నడుపుతున్న ప్రభుత్వం నోట వచ్చిన వాక్యమూ అక్షరాల్లో ఒకటే. వాటిని వినే సైనికుడి చెవిలో ఒకటి కాదు.

అందుకే బలం పెరిగేకొద్దీ, కఠిన భాగాలతో పెనుగులాడే ఈ పని బాధ్యత కూడా పెరుగుతుందంటాను. 2010 డిసెంబరులో సఫేద్ పట్టణ రబ్బీ నాయకత్వంలో పలువురు పట్టణ రబ్బీలు, అరబ్బులకు ఇళ్లు అద్దెకివ్వకూడదని ఉత్తరం మీద సంతకాలు చేశారు. ఆధారం ద్వితీయోపదేశకాండంలోని ఆ ఏడో అధ్యాయమే, వారి జీతం ప్రభుత్వానిది. దాన్ని వ్యతిరేకించినవారిలో ఇద్దరిని పోల్చి చూడాలి. సనాతనుల పెద్ద రబ్బీ ఎల్యాషివ్ ఆ ఉత్తరాన్ని తప్పుపట్టాడు. రబ్బీ అహరోన్ లిఖ్టెన్‌స్టీన్ మాత్రం మరింత ముందుకెళ్లి, ఒక పక్షపు ఆధారాలనే ఏరి చూపడం పాండిత్యం కాదని, ధర్మశాస్త్రంలోంచే విస్తారంగా జవాబు రాశాడు. నేను కోరుతున్నది ఆ రెండో రకం పని. అది నెమ్మది, కష్టం, ఓట్లు తేదు.

యూదుల్నే ఎందుకు వేలెత్తి చూపడం అన్నది న్యాయమైన ప్రశ్న. 2013లో ఈ దోహా సదస్సుకే ఇస్లామ్ మతపండితుడు షేక్ యూసుఫ్ అల్ ఖరదావి, యూదులు వస్తున్నారని రాలేదు. ఇక్కడి పాఠ్యపుస్తకాల్లో యూదుల గురించిన నిందలు కొన్ని తీసేసింది ఇటీవలి సంవత్సరాల్లోనే. మన సంగతి సరేసరి. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో శంబుకవధ నాటకం రాసి, తపస్సు చేసిన శూద్రుణ్ణి రాముడు చంపిన కథను రచ్చకీడ్చాడు. ఆయన్ను తిట్టినవాళ్లు ఎక్కువ, జవాబిచ్చినవాళ్లు తక్కువ. అంబేద్కర్ 1927 డిసెంబరు 25న మహాడ్‌లో మనుస్మృతిని కాల్చాడు. పారిస్ మంటనూ ఈ మంటనూ ఒకే గాటన కట్టేవాళ్లున్నారు. అది రాజ్యమూ మతపీఠమూ కలిసి, దిక్కులేనివాళ్ల పుస్తకాన్ని కాల్చిన మంట. ఇది ఆ పుస్తకం కింద నలిగినవాడు పెట్టిన మంట. గ్రంథం దెబ్బ తిన్నవాడికి దాన్ని కాల్చే హక్కు ఉందని నేను ఒప్పుకుంటాను. దాన్ని వారసత్వంగా పొందినవాడికి ఆ సౌకర్యం లేదు, కూర్చుని చదివి తీర్పు మార్చాల్సిందే.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రయిము అనే చిన్న సమాజం దెబ్బ తిన్నవాడి స్థానంలోనూ వారసుడి స్థానంలోనూ ఒకేసారి ఉంది. మాదిగ కుటుంబాలవారు, ఒకప్పుడు క్రైస్తవులు. తాము తప్పిపోయిన ఎఫ్రయిము గోత్రీకులమని చెప్పుకుని, షమూయేల్, సాదోక్ యాకోబి సోదరుల నాయకత్వంలో యూదు జీవనం చేపట్టి, 1991లో ప్రార్థనామందిరం కట్టుకున్నారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వారి గురించి 2013లో పుస్తకం వేశారు. ఊరి గ్రంథాలు వెలివేసిన ఈ జనం, పరాయివాణ్ణి వెలివేయగల మరో గ్రంథాన్ని తమదిగా ఎంచుకున్నారు. ఇజ్రాయెల్ రబ్బీ వ్యవస్థ ఇంతవరకూ వారిని యూదులుగా గుర్తించలేదు. వారి వంశావళి నిజమో కాదో తేల్చడం చరిత్రకారుల పని. నాకు కనిపించేది, యూదా అనే అమ్మోనీయుడు నిలబడ్డ చోటే వాళ్లు నిలబడి అదే ప్రశ్న అడుగుతున్నారని.

చివరగా, యూదుడు కాని నేను ఇదంతా మాట్లాడే అర్హత ఏమిటని అడగవచ్చు. తీర్పు చెప్పే అర్హత లేదు, చెప్పలేదు కూడా. ఏది ధర్మమో తేల్చాల్సింది ఆ విద్యాలయాల్లోనే. ఆక్షేపించే అర్హత మాత్రం ఆ రోమా అధికారులకు తాల్ముదే ఇచ్చింది, అయితే వాళ్లు ముందు కూర్చుని మొత్తం చదివారు. దోహా సదస్సు నిర్వాహకులకు ఒక్క సూచన చేయాలనిపిస్తుంది. వచ్చే ప్రతి పండితుడూ తన గ్రంథంలో ఎదుటి మతస్థుణ్ణి నొప్పించే ఒక భాగాన్ని ఎంచుకుని, ఆ మతస్థుడు ఎదురుగా కూర్చుని ఉండగా, దానికి తన సంప్రదాయంలో ఉన్న అత్యంత కఠిన వ్యాఖ్యతో సహా చదివి వినిపించాలి. ఎదుటి గ్రంథం మీద వ్యాఖ్యానించడానికి ఆ రోజు అనుమతి ఉండకూడదు. వక్తల జాబితా కొంత కుదించుకుపోతుంది, నిర్వాహకులు దానికి సిద్ధపడాలి. హిందూ పండితులనూ పిలిస్తే, మన పక్షాన ఎవరు ఏ పుట తెరుస్తారన్నది ఈ సభ ఇప్పటి నుంచే ఆలోచించుకోవచ్చు.